డాక్టరుగారి దగ్గు

లోపలి గదిలో డాక్టరుగారు దగ్గారు. ఆయన భార్య కడుగుతున్న ట్రే సింకులోనే వదిలేసి, చేతులు శుభ్రం చేసుకుని, కొత్త గ్లవ్స్ తొడుక్కుని, మాస్కు పైకి లాక్కుని లోపలికి నడిచింది. అది జలుబు దగ్గు కాదు. పంటి వేరులో కాలువ దొరక్కపోతే ఆయనకి వచ్చే దగ్గు. అది రాగానే ఫోను చెవికి ఆనించుకుని, "ఒక్క నిమిషమండీ, అర్జెంటు కాల్. నోరు అలాగే తెరిచి ఉంచండి, సిస్టర్ శుభ్రం చేస్తుంది" అని బయటికి తప్పుకుంటారు. సిస్టరట! ఇద్దరిదీ ఒకే డిగ్రీ. కట్టుకున్నదాన్ని సిస్టర్ అనడానికి నోరెలా వస్తుందో ఆ మహానుభావుడికి! బోర్డు మీద ఆయన పేరొక్కటే. "ఇద్దరి పేర్లూ పెడితే జనం తికమకపడతారే" అన్నారు మొదటి రోజున.

ఆవిడ వెతికి, కాలువ పట్టుకుని, శుభ్రం చేసి లేచేసరికి ఆయన ఫోను జేబులో వేసుకుంటూ వచ్చారు. కుర్చీలోని పెద్దాయన నోరు తుడుచుకుని ఆయనకే దణ్ణం పెట్టాడు.

"మీ చెయ్యి దూదండీ డాక్టరుగారూ, తెలియనే లేదు."

"అంతా అలవాటండీ" అన్నారు డాక్టరుగారు. సిగ్గన్నా లేదు!

ఇదంతా ఇవాళ కూతురు చూసింది. డెంటల్ సీటు వచ్చింది కదా, క్లినిక్ ఎలా ఉంటుందో చూస్తానని వచ్చి మూల స్టూలు మీద కూర్చుంది. చూడనీ, అనుకుంది ఆవిడ. చూస్తే ఏ కాలేజీకి వెళ్ళాలో పిల్లకే తెలిసొస్తుందని ఆశపడింది.

పిల్లకి రెండు చోట్ల సీటు. ఒకటి ఊరవతలి కొత్త కాలేజీ. అద్దాల మేడ, చల్లటి గదులు, మెరిసే కుర్చీలు. వాటిలో కూర్చునే రోగి మాత్రం లేడు. రెండోది రైల్లో ఒక పూట ప్రయాణం. పెచ్చులూడిన గోడల పాత ఆస్పత్రి కాలేజీ. అక్కడ తెల్లారకముందే జనం దవడలు పట్టుకుని బారులు తీరతారు. పళ్ళ వైద్యం పుస్తకం చదివితే రాదు. ఎన్నో నోళ్ళు చూడాలి, చెయ్యి వణకాలి, వెనక నిలబడ్డ టీచరు తిట్టాలి, మళ్ళీ చెయ్యాలి.

ఆ పాత కాలేజీలో ఒకప్పుడు ఆవిడకీ సీటొచ్చింది. అప్పటికే సంబంధం ఖాయమైంది. "అబ్బాయి చేరే చోటే నువ్వూ చేరమ్మా, వాడికి తోడుంటావు" అన్నారు కాబోయే అత్తగారు. తోడంటే ఏమిటో ఆయన కాలేజీలో చేరాక తెలిసింది. మైనం దిమ్మలో పళ్ళు చెక్కి చూపించాలంటే ఆయన పళ్ళూ ఆవిడే చెక్కింది. పాసవ్వాలంటే ఎవరి రోగుల్ని వాళ్ళే వెతికి తెచ్చుకోవాలి అక్కడ. బస్టాండులో, మార్కెట్లో బుగ్గ వాచినవాళ్ళని బతిమాలి ఆవిడ తీసుకొస్తే, ఆయన తన పేరు మీద రాయించుకునేవారు. "మనలో మనకి నీదేంటి, నాదేంటి?" అనేవారు. ఆయన గట్టెక్కారు. కేసులు చాల్లేదని ఆవిడని ఇంకో ఏడు కూర్చోబెట్టారు. "కోడలు కాస్త మొద్దు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. నిజానికి ఆవిడకి చెయ్యి తిరిగింది ఆ ఏడాదే, పక్కన ఆయన లేరు కాబట్టి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తేల్చేశారు భర్త. "దగ్గరి కాలేజీ ఖాయం. ప్రిన్సిపాలు నా ఫ్రెండే."

"అక్కడికి రోగులే రారండీ. పిల్ల ఏం నేర్చుకుంటుంది?"

"నువ్వు నేర్చుకుని ఏం ఉద్ధరించావే? ట్రేలు కడగడానికి అంత చదువెందుకు?"

అత్తగారు నవ్వారు. కూతురూ నవ్వింది. అత్తగారి నవ్వు ఆవిడకి అలవాటే. పిల్ల నవ్వు మాత్రం గుండెల్లో గుచ్చుకుంది.

"పొద్దున చూశావు కదే" అంది కూతురితో. "మీ నాన్నగారు దగ్గితే నేనెందుకు వెళ్ళానో అర్థమైందా?"

"అర్థమైందమ్మా" అంది కూతురు కంచంలోంచి తలెత్తకుండానే. "అందుకే దగ్గరిది చాలంటున్నా. మైనం పళ్ళు నువ్వు చెక్కిపెడతావు. కేసులు నువ్వు చూసిపెడతావు. రేపు నేను ప్రాక్టీసు పెట్టినా నువ్వుంటావుగా. నాన్నకి లేని కష్టం నాకెందుకు? నీకెలాగూ వేరే పనేం లేదు."

"అచ్చం నా కూతురే!" మురిసిపోయారు డాక్టరుగారు.

పిల్లకి అర్థం కాలేదంటే ఆవిడ ఏడ్చి ఊరుకునేది. అంతా అర్థమయ్యే అడుగుతోంది! ఇన్నాళ్ళూ ఇంటి పరువని తను కప్పిపెట్టిందే పిల్లకి పాఠమైంది. ఇక తిట్టీ లాభం లేదు, బతిమాలీ లాభం లేదు.

"అలాగే, దగ్గరి దాంట్లోనే చేరు" అంది మామూలుగా. "నేను మాత్రం ఇక ఆ క్లినిక్‌లో అడుగుపెట్టను. వీధి చివర గది తీసుకుని నా బోర్డు పెట్టుకుంటాను. మీ నాన్నగారికి చేతకాని కేసుల్ని అక్కడికి పంపించమను. నీకు చేతకాకపోయినా అంతే. ఇద్దరి దగ్గరా ఫీజు తీసుకుంటాను."

"వేళాకోళమా?" భర్త గొంతు మారిపోయింది. "సాయంత్రం రూట్ కెనాల్స్ ఉన్నాయి!"

"మీరే చెయ్యండి. చదువుకున్నారుగా."

"చూశావుట్రా, ఎంత పొగరో!" అన్నారు అత్తగారు. కొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కూతురు తినడం ఆపి ఆ ముఖంలోకే చూస్తోంది. అమ్మ లేకపోతే నాన్న ఎంత, నాన్నలా చదివితే తను ఎంత అని పిల్ల లోపల లెక్క కడుతోందని తల్లికి తెలుస్తూనే ఉంది.

"నాన్నా" అంది చివరికి, "ఆ పాత కాలేజీలో చేరడానికి ఇంకా గడువుందా?"

ఆ గొంతులో తల్లి మీద గౌరవం లేదు. జాలి అంతకన్నా లేదు. ఉన్నదల్లా భయం. భయంతోనైనా సరే నేర్చుకుని చావనీ, అనుకుంది ఆవిడ.