బదులు మనిషి

“తనూజ ఇంట్లోనే ఉంటాది గదా, రాండప్పా” అని మా అత్త నాంచారమ్మ ఫోన్లో చెబుతుంటే నేను పాలగిన్నె తోముతున్నాను. అవతల కుందారపల్లి నుంచి ఆమె తమ్ముడు కేశవులు. పెళ్లి బట్టలకు కుటుంబంతో హోసూరు వస్తున్నారట, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. నాటుకోడి పులుసు, రాగిముద్ద. నేను ఇంట్లోనే ఉంటాను, నిజమే. గోడలూ ఇంట్లోనే ఉంటాయి, వాటిని ఎవరూ వంట చేయమనరు.

నేను ఇంట్లో కూర్చుని చేసేది ఉద్యోగం. సముద్రాల అవతల ఒక పరిశోధనశాలలో, భూమి లోపలి సొరంగంలో, కంటికి కనపడని కణాలను ఎదురెదురుగా గుద్దిస్తారు. ఆ గుద్దుళ్లను కొలిచే యంత్రాలు వాడేకొద్దీ కాస్త కాస్త తప్పు చూపిస్తాయి. ఏ గంట నుంచి ఏ సవరణ అంకెలు వాడాలో దాచిపెట్టి, అడిగినవాళ్లకు అందించే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని చూసుకునే వాళ్లందరిలో కొత్తదాన్ని నేను. బ్యాకెండ్ అంటారు. నడిచినన్నాళ్లు దాన్ని ఎవరూ తలుచుకోరు, ఆగితే మాత్రం అందరికీ గుర్తొస్తుంది. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఇలాంటి పనిలో అనుభవం ఉందా అని అడిగితే లేదన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది అబద్ధమే.

ఈ సంగతులు చెప్పుకోవడానికి నాకెవరూ లేరు. వీధిలో తమిళం, పూలబండి దగ్గర కన్నడం, మీటింగుల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. నోటి నిండా భాషలే, మాట్లాడటానికి మనిషి లేరు. నేను రాసిన కోడు మొదటిసారి అక్కడ నడిచిన రోజు సంతోషం పట్టలేక గది బయటికి వచ్చాను. అత్త టీవీ చూస్తోంది. “ఏమ్మా, నెట్టు పోయిందా?” అంది. లేదత్తా అని మళ్లీ లోపలికి పోయి కూర్చున్నాను. ఏడుపొచ్చింది. అంత చిన్నదానికి ఏడవడమేమిటని నన్ను నేనే కసురుకున్నాను.

మా ఆయన సుధీర్ ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాడు. షిఫ్టుకు ముందు అతను నిద్రపోతుంటే ఇంట్లో మిక్సీ కూడా తిరగదు. చుట్టాలు వస్తామన్న రోజు నాకూ షిఫ్టే. అంటే ఆ పూట సొరంగం దగ్గర్నుంచి ఏ కబురొచ్చినా అందుకోవాల్సింది నేనే. సుధీర్‌కు చెప్పాను. “మనోళ్లు వచ్చేది ఎప్పుడో ఒకతూరి. నీది కూర్చోనుండే పనే గదా, అట్లట్లే చూసుకో” అన్నాడు.

అట్లట్లే చూసుకున్నాను. లాప్‌టాప్ వంటింటి గట్టు మీద, బియ్యం డబ్బా పక్కన పెట్టుకున్నాను. ఎసట్లో పిండి పోసి తెడ్డు పట్టుకున్నానో లేదో కబురు వచ్చింది: కొత్త సవరణ అంకెలు పంపుతున్నాం, ఇప్పటి నుంచే అమలు చేయండి. ముద్ద కెలికేటప్పుడు చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన ముద్ద చుట్టాలకు పెడితే ఆ మాట కుందారపల్లి దాకా పోతుంది. కుడిచేత్తో కెలుకుతూ ఎడమచేత్తో టైపు చేశాను. హాల్లోంచి కేశవులు మామ, “ఏమ్మా, లోకం ఎట్ల పుట్టిందో కనుక్కుంటా ఉండావంటనే. అది మెల్లిగా కనుక్కోవచ్చు, ముద్ద అయిందా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే తలెత్తి, వంటింటి గోడ గడియారం చూసి, ఎప్పటి నుంచి అన్నచోట ఆ టైము వేసేశాను.

అక్కడ లెక్క ప్రపంచమంతటికీ కలిపి పెట్టుకున్న ఒకే గడియారం. మనది దానికంటే ముందు నడుస్తుంది. నేను వేసిన టైము అక్కడ ఇంకా రానే లేదు. అది వచ్చేదాకా, ఆ పూటంతా యంత్రాలు కొలిచినవన్నీ పాత అంకెలతోనే లెక్కకట్టారు. ఎంతోమంది పని మళ్లీ మొదటికి వచ్చింది. ముద్ద మాత్రం వెన్నలా వచ్చిందని మెచ్చుకున్నారు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏదైనా చెడితే అందరూ కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకుంటారు. ముందుగా నన్ను కారణం రాయమన్నారు. ‘నా అజాగ్రత్త’ అని రాశాను. మా టీముకు పెద్ద త్రివేణి గారు, కోలారు మనిషి, ఎన్నో ఏళ్లుగా ఆ పరిశోధనశాలలోనే ఉన్నారు. వెంటనే ఫోన్ చేశారు.

“అది కారణం గాదమ్మా, తిట్టు. నిన్ను నువ్వు తిట్టుకుంటే మాకేమొస్తాది? ఆ టైములో యాడుండావు, చేతిలో ఏముండె, అది చెప్పు రేపు” అన్నారు. నా చేతిలో ఏముందని నన్నెవరూ అంతకుముందు అడగలేదు.

సుధీర్‌కు చెబితే, “మన ఇంటి సంగతి వాళ్లకెందుకు? షిఫ్టు ఒద్దని చెప్పేయ్. నీ మంచికే చెప్తా ఉండా” అన్నాడు. కోపంగా అనలేదు, తల కూడా నిమిరాడు. అందుకే నాకు భయం వేసింది. కొత్తవాళ్లు షిఫ్టు వద్దంటే ఎవరూ ఏమీ అనరు. మర్యాదగా పక్కన కూర్చోబెడతారు, అంతే. ఆ తర్వాత నేను నిజంగానే ఇంట్లో ఉండేదాన్ని అవుతాను.

మరునాడు మీటింగులో చెప్పాను. వంటింట్లో ఉన్నాను, చేతిలో తెడ్డు ఉంది, చెయ్యి ఆపితే తిండి పాడవుతుంది అని. ఎవరూ నవ్వలేదు. ఏ గడియారమో అడగకుండా టైము తీసుకోవడం ప్రోగ్రాము లోపమే, దాన్ని సరిచేద్దాం అన్నారు. తర్వాత ఒక పెద్దాయన, తెల్లగడ్డం శాస్త్రవేత్త, మామూలుగా అడిగాడు:

“షిఫ్టులో ప్రతివాళ్లకూ ఒక బదులు మనిషి ఉంటారు కదా. ఒక్క మీట నొక్కితే వస్తారు. ఎందుకు పిలవలేదు?”

మీట ఉంది. ఆ రోజు తెర మీదే, నా కళ్ల ముందే ఉంది. దాన్ని నొక్కవచ్చనే ఆలోచనే నాకు రాలేదు. పెళ్లైన దగ్గర్నుంచి జ్వరం వచ్చినా, నెలసరి నొప్పి వచ్చినా, పొయ్యి దగ్గర నా బదులు ఎవరైనా నిలబడతారేమో అని ఎదురుచూడటం మానేశాను. మానేసిన అలవాటు ఉద్యోగంలోకి కూడా నాతోపాటే వచ్చింది. ఇంత సంగతి ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాలేదు.

“పిలిస్తే వస్తారని అనుకోలేదు” అన్నాను.

తర్వాత త్రివేణి గారు, షిఫ్టు కొనసాగిస్తావా అని అడిగారు. కొనసాగిస్తానన్నాను. మళ్లీ ఇలా జరగకుండా నీ వైపు నుంచి ఏం చేస్తావన్నారు. షిఫ్టు రోజు వంట చేయను అన్నాను. అనేసి నేనే అదిరిపడ్డాను. ఇంగ్లీషులో అనడం తేలికే, అవతల అత్త లేదు.

లాప్‌టాప్ మూసి హాల్లోకి వచ్చాను. అత్త చిక్కుడుకాయలు వలుస్తోంది. సుధీర్ ఫోన్ చూసుకుంటున్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

“అత్తా, రేపు నాకు షిఫ్టు. వంట నేను చేయను.”

అత్త నా వంక చూసింది, కొడుకు వంక చూసింది.

“అయితే ఎవురు చేసేది?” అంది.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న పుట్టడం అదే మొదటిసారి.