చీనీ కొమ్మలో నల్లచార

చీనీ చెట్టు, అదే బత్తాయి చెట్టు, ఎండితే ఎక్కడ కోయాలో అడగడానికి బద్వేలు చుట్టుపక్కల తోటలవాళ్లు క్రిస్టినాకే కబురు పెడతారు. రంపం పట్టడం తండ్రి గాబ్రియేలు దగ్గర నేర్చుకుంది. ఆయనకు నిచ్చెన ఎక్కే ఓపిక తగ్గాక పని మొత్తం తనే అందుకుంది. ఆడమనిషి కొమ్మలు కోయడమేమిటని మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు ఆమె వచ్చేదాకా పని ఆపుకుంటారు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే వెంకటేశ్వరమ్మ పిలిపించింది. భర్త పోయాక నాలుగెకరాల చీనీ తోటను ఒంటిచేత్తో నిలబెట్టుకున్న మనిషి ఆమె. తోటలో ఒక మూల చెట్లు చివర్ల నుంచి ఎండుతూ వస్తున్నాయి. బెరడు పగిలి బంక కారుతోంది.

క్రిస్టినా ఒక కొమ్మ కోసి, కోసిన చోటు ఆమెకు చూపించింది. లేత పసుపు కట్టె నడుమ నల్లటి చార.

“ఇది బూజమ్మా. ఈ నల్లచార యాడిదాకా పోయిండాదో చూసి, ఇంకో జానెడు కిందికి కొయ్యాల. కోసిందంతా కాల్చేయాల.”

“అట్ల కోస్తే చెట్టులో సగం పోతాది గదే! ఎండిన కాడికి కొయ్యి, చాలు. ఆ కట్టె కంచెకు పనికొస్తాది.”

“కంచె ఏస్తే బూజును తోటంతా మనమే పంచినట్టమ్మా.”

వెంకటేశ్వరమ్మ వినలేదు. తోట ఆమెది. క్రిస్టినా చెప్పాల్సింది చెప్పి, ఎండినంత వరకే కోసింది.

మూడో రోజు కంచె కోసం కుప్పలోంచి ఒక కొమ్మ లాగుతుంటే, దానికి చిక్కుకున్న ఎండుపుల్ల చివ్వున లేచి క్రిస్టినా ఎడమ కంట్లో తగిలింది. నీళ్లతో కడుక్కుని సాయంత్రం దాకా పనిచేసింది. ఇంటికొచ్చేసరికి కన్ను ఎర్రటి మిరపపండులా ఉంది. భర్త ఏసన్న మందుల షాపుకు పరిగెత్తి చుక్కల మందు తెచ్చాడు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. ఏసన్న ఊపిరి పీల్చుకున్నాడు.

దెబ్బ తగిలిన అయిదో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద నువ్వుగింజంత తెల్లమచ్చ. అంచులు నున్నగా లేవు, దూదిపోగుల్లా పక్కలకు పాకుతున్నాయి. క్రిస్టినా మందుసీసా పక్కన పెట్టేసింది.

“ఇది తగ్గేది కాదు, పెరిగేది. కడపకు పోదాం పద.”

దారిలో తోట దగ్గర ఆగి, కుప్పలోంచి జానెడు కొమ్మ కోసి ప్లాస్టిక్ కవర్లో చుట్టింది. ఏసన్న వింతగా చూశాడు.

“కంటికి బాగలేకుంటే కట్టె యాలమ్మే?”

“దేంతో తగిలిందో చూడకుండా మందెట్లిస్తారు?”

కంటి ఆసుపత్రిలో డాక్టర్ లక్ష్మీప్రియ ముందు వాళ్లు వెంట తెచ్చిన మందుసీసా చూసింది. “ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. ఎరుపు తగ్గిస్తుంది గానీ, లోపల ఉన్నది బూజైతే దానికి మేత వేసినట్టే.”

ఏసన్న తల దించుకున్నాడు. క్రిస్టినా అతని మోచెయ్యి పట్టుకుంది. “నువ్వు మంచికే తెచ్చినావు. ఇప్పుడు తెలిసింది గదా, ఇంక దానికి తగ్గ మందు ఏయించుకుందాం.”

కంటికి మొద్దుబారే చుక్కలు వేసి, డాక్టర్ మచ్చను సన్నగా గీకింది. గీకి తీసినదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, క్రిస్టినాను పిలిచింది. కుడి కంటితో చూస్తే గాజుపలక మీద కొమ్మలు వేసిన దారాలు కనిపించాయి. కవర్లోని కట్టె నుంచి కూడా ఒక చెక్కు తీసి, రెండింటినీ వేరువేరు గిన్నెల్లో పెంచడానికి పెట్టారు. నాలుగు రోజులకు రెండు గిన్నెల్లోనూ ఒకేలాంటి బూడిదరంగు బూజు ఉన్నిలా పెరిగి నల్లబడసాగింది. పెద్ద ల్యాబుకు పంపితే, రెండూ ఒకే జాతి అని తేలింది.

“చెట్టును తినేది మనిషినీ తింటాదా?” ఏసన్న అడిగాడు.

“ఊరికే రాదు. గాయం దొరికితే దూరుతుంది” అంది డాక్టర్.

“చెట్టుకూ అంతే. నీళ్లు చాలక నీరసపడినప్పుడు, దెబ్బ తగిలిన కాడ దూరుతాది” అంది క్రిస్టినా.

ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. గంటగంటకూ చుక్కలు. ఏసన్న ఫోన్లో అలారం పెట్టుకుని ఒక్క గంటా తప్పనివ్వలేదు. అయినా రెండో వారం మచ్చ పెద్దదైంది. లొంగకపోతే నల్లగుడ్డు పైపొర మార్చాల్సి రావచ్చని డాక్టర్ చెప్పింది. ఆ సాయంత్రం క్రిస్టినా కుడికన్ను మూసుకుని, “వేళ్లు చూపించు” అంది. ఏసన్న చూపించాడు. ఆమెకు వేళ్లు కాదు కదా, చెయ్యే కనబడలేదు. అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి అప్పుడు ఏడ్చింది. కాసేపటికి మొహం తుడుచుకుని, “చుక్కలెయ్యి, గంటైంది” అంది.

మర్నాడు వెంకటేశ్వరమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఏసన్న ఫోన్లో ఆ రెండు గిన్నెల ఫొటోలు చూపించి, రెండూ ఒకే బూజని చెబితే మంచం మీద కూలబడింది.

“నేను కంచె అనకపోతే నీకీ గతి పట్టేది కాదు గదే.”

“నా కన్ను సంగతి డాక్టరమ్మ చూసుకుంటాది. మీరు చెట్ల సంగతి చూడండమ్మా. ఆ కంచె ముందు కాల్పించండి. కోసేది నేనొచ్చినాక దగ్గరుండి చెప్తా.”

వెంకటేశ్వరమ్మ ఊరికి తిరిగెళ్లి, ఆ రోజే కంచె పీకించి నిప్పు పెట్టించింది.

మందుకు ఇంకో మందు కలిపి, మరో రెండుసార్లు గీకాక మచ్చ పాకడం ఆగి అంచులు మొద్దుబారాయి. నెల దాటాక క్రిస్టినా నల్లద్దాలతో తోటలో నిలబడింది. రంపం ఏసన్న చేతిలో, ఇద్దరు కూలీలు సాయం. అందరి కళ్లకూ ప్లాస్టిక్ అద్దాలు ఉన్నాకే పని మొదలుపెట్టనిచ్చింది. చెట్టు చెట్టుకూ రంపాన్ని బ్లీచింగ్ నీళ్లలో ముంచమంది. నల్లచార కనబడితే, “ఇంకా కిందికి” అనేది. వెంకటేశ్వరమ్మ ఈసారి ఒక్క మాటా అడ్డు చెప్పలేదు. తొమ్మిది చెట్లను మొదలంటా పీకేశారు, ముప్పై ఒకటి సగానికి కోశారు. వానలు పడ్డాక వాటిలో ఇరవై నాలుగు చిగురించాయి.

కంటి మీద తెల్లటి మరక మిగిలిపోయింది. చివరిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఎడమ కంటితో గోడ మీది అక్షరాల్లో పైనున్న మూడు వరుసలు చదివింది. ఇంతకంటే రాకపోవచ్చని డాక్టర్ దాచకుండా చెప్పింది.

“నిచ్చెన ఎక్కొచ్చునా?”

“అద్దాలు పెట్టుకుని ఎక్కు.”

ఆ వారమే ఆత్మకూరు దగ్గరి మామిడితోట నుంచి పిలుపొచ్చింది. క్రిస్టినా నాలుగు మెట్లెక్కి కొమ్మ కోసం చెయ్యి చాపింది. దూరం అంచనా తప్పి చెయ్యి గాలిలో ఆడింది. కింద నిచ్చెన పట్టుకున్న ఏసన్న, “దిగుతావా?” అన్నాడు.

“ఉండప్పా, కొలత కొత్తది. అలవాటు పడాల.”

రెండోసారి నెమ్మదిగా చాపింది. బెరడు అరచేతికి తగిలింది. గట్టిగా పట్టుకుని రంపం ఆనించింది.