గులకరాళ్ళ వెనక ఆకాశం

నేను ఒక ఫ్లెక్సీ ముక్కను. తాడేపల్లిగూడెంలో ఇనుపసామాన్ల వ్యాపారి గోవర్ధనరావు ఇంటి హాల్లో, చేపల తొట్టె వెనక, అద్దానికీ గోడకీ మధ్య టేపుతో అంటించి ఉన్నాను. నన్ను చూడాలంటే నీళ్ళలోంచి చూడాలి. చూసినవాళ్ళు "ఆకాశం భలే కుదిరిందే" అంటారు. నేను చేపల కోసం పుట్టలేదు. ఒకావిడ చనిపోతే పుట్టాను.

నా తోబుట్టువులు ఊళ్ళో కూడళ్ళన్నిటా ఉన్నారు. ఎండలో, వానలో, నాయకుల పుట్టినరోజులకు నవ్వుతూ, ఓణీల ఫంక్షన్లకు ఆహ్వానం పలుకుతూ నిలబడతారు. మమ్మల్ని అచ్చేసే షాపులో చనిపోయినవాళ్ళందరికీ ఒకటే ఆకాశం ఉండేది. లేత నీలం, తెల్లమబ్బులు, ఒక మూల రెండు పావురాలు. దాని కింద ముఖం మాత్రం మారుస్తారు. నా వంతుకు వచ్చిన ముఖం గోవర్ధనరావు భార్య సుభాషిణిది.

ఫోటో ఇవ్వడానికి ఇద్దరు వచ్చారు. గోవర్ధనరావు అక్క కుసుమ, సుభాషిణి కూతురు హిమబిందు. పిల్ల ఏడో తరగతి. తల్లి ఫోన్‌లో ఆవిడ పగలబడి నవ్వుతున్న ఫోటో ఒకటి చూపించి అదే వెయ్యమంది.

"శ్రద్ధాంజలికి పళ్ళు కనిపిస్తే ఏం బావుంటుందే?" అంది కుసుమ. "చచ్చిపోయినందుకు సంతోషిస్తున్నట్టుంటుంది."

చివరకు ఏదో పెళ్ళి భోజనాల దగ్గర తీసిన ఫోటో ఖాయమైంది. అందులో సుభాషిణి నవ్వడం లేదు. కళ్ళు పెద్దవి చేసి జనంలో ఎవరి కోసమో చూస్తోంది. "నా కోసమే చూస్తోంది. నేను అప్పుడు ఐస్‌క్రీం దగ్గరున్నాను" అని హిమబిందు షాపువాడికి చెప్పింది. అతను తల ఊపి, ఆ ముఖాన్ని నా ఆకాశం కిందకి జరిపాడు. అడుగున 'మీ జ్ఞాపకాలు మా గుండెల్లో పదిలం' అన్న వాక్యం వేశాడు. అది కూడా అందరికీ ఒకటే.

పెద్దకర్మ అయ్యేదాకా గేటుకు వేలాడాను. వచ్చిన ప్రతివాళ్ళూ నా ముందు నిలబడి నిట్టూర్చి, భోజనాలు ఎటువైపో అడిగి వెళ్ళారు. ఆ తర్వాత నన్ను విప్పి మేడ మీద నీళ్ళ మోటారుకు కప్పారు. మంచి ఫ్లెక్సీని ఈ ఊళ్ళో ఎవరూ పారెయ్యరు. వడ్ల రాశికో, కోళ్ళగూటికో పనికొస్తుంది. మనుషుల్ని మర్చిపోయినంత తేలిగ్గా పనికొచ్చే వస్తువును మర్చిపోరు.

ఏడాది తిరగకుండానే గోవర్ధనరావు ప్రమీలను పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ రాకముందు కుసుమ ఇల్లంతా సర్దింది. గోడ మీది సుభాషిణి ఫోటోను అత్తిలిలో ఆవిడ పుట్టింటికి పంపేసింది. సుభాషిణి ఫోన్‌ను గోవర్ధనరావు ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాడు. అందులోని బొమ్మలన్నీ దానితోనే పోయాయి. "కొత్తగా వచ్చే పిల్ల మనసు కష్టపెట్టకూడదు కదా" అంది కుసుమ. ఇంట్లో ఉన్న పిల్ల మనసు సంగతి ఎవరూ ఎత్తలేదు. అలా సుభాషిణి ముఖం ఆ ఇంట్లో నా ఒక్కదాని మీదే మిగిలింది. అది తెలిసి హిమబిందు సాయంత్రాలు మేడెక్కి, మోటారు మీద నా మడత విప్పి చూసి, మళ్ళీ మడిచి వెళ్ళేది.

ప్రమీల తమ్ముడు అక్క కొత్త కాపురానికి చేపల తొట్టె కానుకగా తెచ్చాడు. దాని వెనక ఏం పెట్టాలన్నది ఆ వారమంతా ఇంట్లో పెద్ద చర్చ. చేపల షాపువాడు పగడాల దిబ్బల కాగితం చూపించాడు.

"పెళ్ళి స్టేజీలా ఉంది. చేపలు కనపడితే కదా!" అంది ప్రమీల.

నల్లది పెడితే చేపల రంగు బాగా తేలుతుందన్నాడు.

"శుభమా అని కాపురానికొస్తే నల్లరంగు ఏంటండీ? లేత నీలం లేదూ? ఆకాశంలా ఉండాలి."

అది షాపులో లేదు. కుసుమ తన తమ్ముడు గోవర్ధనరావును పక్కకు పిలిచి చేత్తో మేడ వైపు చూపించింది.

ఇద్దరూ పైకి వచ్చి నన్ను పరిచారు. కుసుమ దారంతో కొలిచింది.

"ఒరే తమ్ముడూ, ఆకాశం చాలట్లేదురా. ఇంకో జానెడు కిందికి దింపాలి."

"దింపితే నుదురొచ్చేస్తుంది కదక్కా."

"నుదురూ వస్తుంది, కళ్ళూ వస్తాయి. వస్తే ఏం? అడుగున గులకరాళ్ళు పోస్తాంగా. వాటి వెనక ఎవరు చూడొచ్చారు?"

అతను నా వైపు చాలాసేపు చూశాడు. వద్దంటాడని నేను ఆశపడ్డాను.

"బొట్టు ఎర్రగా ఉంది, పైకి కనపడుతుందేమో" అన్నాడు.

"రాళ్ళు కాస్త ఎక్కువ పోద్దాంలే."

కత్తెర ముక్కు మీదుగా వెళ్ళింది. ముక్కు కింది భాగం, పెదవులు, పేరు, గుండెల్లో పదిలం అన్న మాట మళ్ళీ మోటారు మీదకి పోయాయి. ఆకాశం, నుదురు, కళ్ళతో నేను హాల్లోకి దిగాను.

కుసుమ పనిలో వంక పెట్టడానికి లేదు. నా మీది దుమ్మును తడిగుడ్డతో తుడిచి, ఎక్కడా గాలి బుడగ లేకుండా అద్దానికి అంటించింది. రాళ్ళను బియ్యం కడిగినట్టు కడిగి పోసింది. ప్రమీల మురిసిపోయింది.

"ఎక్కడ సంపాదించారు వదినగారూ ఇది?"

"మా ఇంట్లో దొరకనిదంటూ ఉండదమ్మా" అంది కుసుమ.

హిమబిందు బడి నుంచి వచ్చి, సంచీ దింపకుండానే తొట్టె ముందు నిలబడిపోయింది. పావురాల్ని గుర్తుపట్టింది. వంటింట్లోకి వెళ్ళి మెల్లిగా అడిగింది.

"అది అమ్మ ఫ్లెక్సీ కదత్తా?"

"గట్టిగా అరవకు. ఆకాశమేగా తీసుకున్నాం. ఆకాశం మీద మీ అమ్మ పేరేమన్నా రాసుందా?"

పిల్ల మేడ మీదికి పరుగెత్తి మోటారు మీది ముక్కను చూసింది. అక్కడ కళ్ళు లేవు.

తొట్టె కడగడం ఆ పిల్ల పని అయింది. పనిపిల్లకు అప్పజెబితే చేపలు చస్తాయని, ప్రమీలకు చేపల వాసన పడదని, అలా అలా వచ్చి అది హిమబిందు మీద పడింది. మొదటి ఆదివారం గొట్టంతో మురికి లాగుతూ, వెనక అద్దం దగ్గర రాళ్ళను పక్కకు తోసింది. తల్లి కళ్ళు బయటపడ్డాయి. పిల్ల చెయ్యి నీళ్ళలో అలాగే ఉండిపోయింది. గొట్టంలోంచి నీళ్ళు గచ్చు మీదికి కారిపోతుంటే కుసుమ వచ్చి వీపు మీద ఒకటి వేసింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో చప్పుడు లేని పోరు ఒకటి మొదలైంది. హిమబిందు నడిమధ్యన రాళ్ళను చిన్న గుంటలా తవ్వేది. ఎదురుగా నేల మీద కూచుని చూస్తే ఆ గుంటలోంచి రెండు కళ్ళు సరిగ్గా కనపడతాయి. అక్కడే అన్నం తినేది, అక్కడే లెక్కలు చేసుకునేది. ఆ పిల్ల బడికి వెళ్ళగానే కుసుమ చీర చెంగు దోపుకుని, చెయ్యి ముంచి గుంట పూడ్చేది. సాయంత్రానికి గుంట మళ్ళీ ఉండేది.

ప్రమీలకు ఇదేమీ తెలీదు. సోఫా ఎత్తు నుంచి చూస్తే రాళ్ళ గుంట తప్ప ఏమీ కనపడదు. "ఈ చేపలు పందికొక్కుల్లా తవ్వుతున్నాయండీ" అనేది.

"వాటి అలవాటే అంత" అనేవాడు గోవర్ధనరావు. అతనికి తెలుసు. తెలుసు కాబట్టే తన కుర్చీని తొట్టెకు వీపు వచ్చేలా తిప్పుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ప్రమీల పుట్టింటివాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళ పెద్దమ్మ కమలమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఎత్తు కుర్చీ పడదని, తొట్టెకు ఎదురుగా పీట వేయించుకుని కూచుంది. కాసేపటికి కళ్ళజోడు సవరించుకుంది.

"ఏమే ప్రమీలా, ఆ రాళ్ళ వెనక నుంచి ఎవరో చూస్తున్నారే!"

అందరూ వంగారు. "అవునే, కళ్ళు! అమ్మో, ఎంతేసి కళ్ళో!"

"చేపలకి కాపలా పెట్టావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"చేపలకి కాదురా, దీనికి" అంది కమలమ్మ నవ్వుతూ. "సవతి కూచుని కనిపెడుతోంది, ఒళ్ళు దగ్గర పెట్టుకోవే!"

అనేశాక నాలిక కరుచుకుంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ప్రమీల ముఖంలో రంగు తగ్గింది. భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఎవరివండీ ఆ కళ్ళు?"

కుసుమ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. హిమబిందు జంతికల పళ్ళెంతో హాలు మధ్యలో ఉంది. ఆ పిల్ల తండ్రి ముఖం మీంచి చూపు తిప్పలేదు. ఆ ఇంట్లో నా మీద ఉన్నదెవరో పైకి చెప్పగలిగినవాడు అతనొక్కడే. ఒక్క పేరు చెబితే చాలు. కాసేపు ఇబ్బంది పడతారు, ఎవరో ఒకరు అయ్యో అంటారు, ఆ కళ్ళకు ఆ ఇంట్లో ఒక చోటు దొరుకుతుంది.

గోవర్ధనరావు కుర్చీలోంచే మెడ తిప్పి చూశాడు.

"ఎవరివో. ప్రింటింగ్ షాపులో పక్కన పడేసిన ముక్క అది. ఏ చీరల కొట్టు మోడల్‌దో అయ్యుంటుంది."

"మోడల్‌దా నాన్నా?" అంది హిమబిందు.

"ఊఁ. మోడల్‌దే. ఆ రాళ్ళు పైకి సర్దమ్మా, పిన్ని భయపడుతోంది."

పిల్ల పళ్ళెం బల్ల మీద పెట్టింది. చేతి గాజు పైకి జరుపుకుని, మోచేతి దాకా నీళ్ళలో ముంచింది. చేపలు ఒక మూలకు పారిపోయాయి. మొదటి గుప్పెడు ఎడమ కంటి మీద పడింది, రెండోది కుడి కంటి మీద. ముద్రించిన కళ్ళు మూతపడవు, రెప్పలు నా చేతిలో లేవు. ఆసుపత్రిలో ఆవిడ కళ్ళు ఎవరో నర్సు మూసిందని గేటు దగ్గర వేలాడుతున్నప్పుడు విన్నాను. ఈసారి కూతురు మూసింది.

"బంగారు తల్లి. చెప్పగానే ఎలా చేసిందో చూడు" అంది కమలమ్మ. ప్రమీల తన చెంగుతో ఆ పిల్ల తడిచెయ్యి తుడిచి, జంతిక ఒకటి నోటికి అందించింది. హిమబిందు తినేసింది.

మర్నాడు పిల్ల బడికి వెళ్ళాక కుసుమ అలవాటు కొద్దీ చెంగు దోపుకుని తొట్టె దగ్గరికి వచ్చింది. చెయ్యి ముంచబోయి ఆగింది. రాళ్ళు తను ఎప్పుడూ సర్దనంత ఎత్తుగా, పావురాల రెక్కల దాకా పేర్చి ఉన్నాయి. మళ్ళీ జారకుండా ఎవరో అరచేత్తో గట్టిగా అదిమారు కూడా.