నీలం చొక్కా మనిషి

నేను ఒక ఫోనుని. అద్దాల గదుల కర్మాగారంలో, మూతులకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. మనుషులు మాట్లాడుకోవడానికే నన్ను చేశారనుకున్నాను. రాజమండ్రిలో నన్ను మొదట కొన్న బీమా ఏజెంటు ఆ భ్రమ తీర్చాడు. ఇంట్లో గోడంత టీవీ ఉన్నా ఆయన నాలోనే క్రికెట్ చూసేవాడు. స్నానాలగదిలో, బస్సులో, చివరికి పెదనాన్న దినం నాడు పంక్తిలో విస్తరి పక్కన నిలబెట్టి కూడా చూశాడు. ఇంకా పెద్ద తెర ఉన్న ఫోను రాగానే నన్ను పాతఫోన్ల కొట్టులో దింపేశాడు.

అక్కడ నన్ను కామేసు కొన్నాడు. శ్రీకాకుళం తీరం మనిషి. ఏటా ఊరివాళ్ళతో కలిసి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి, అక్కడి బోట్ల మీద చేపలవేట చేసేవాడు. భార్య ముత్తాలమ్మ ఒడ్డున షెడ్డులో రొయ్యలు వలిచేది. అక్కడి టీవీల్లో తెలుగు రాదు. ఇంటర్నెట్ పుణ్యమా అని నాలో వస్తుంది.

"నాను సముద్రం మీదున్నన్నాళ్ళూ ఇది నీతో కబుర్లాడతాది" అని కామేసు నన్ను ఆమె చేతిలో పెట్టాడు.

అన్నట్టే ఆడాను. గదిలో బియ్యం డబ్బాకు ఆనుకుని, షెడ్డుకు నడిచే దారిలో ఆమె గుప్పిట్లో ఒదిగి సీరియళ్ళు చూపించాను. పక్కగది చిన్నమ్మి కూడా వచ్చి కూర్చునేది. ముత్తాలమ్మకు వరసకు అత్త, మొగుడు పోయిన ముసలామె. ఒక్కగానొక్క కొడుకు దానయ్య కామేసు బోటు మీదే వంట చేస్తాడు. సీరియల్లో గయ్యాళి అత్తను ఇద్దరూ కలిసి నోరారా తిట్టుకునేవారు.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. వేటకు వెళ్ళిన బోట్లన్నీ తిరిగొచ్చాయి, వీళ్ళది తప్ప. మూడు రోజులు ముత్తాలమ్మ నన్ను చేతిలోంచి దించలేదు. తెలుగు వార్తలు పెట్టుకునే రొయ్యలు వలిచింది, రేవుకు పరుగెత్తింది, బోటు యజమాని ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. తాను తినడం మరిచిపోయింది గానీ నన్ను ఛార్జింగుకు పెట్టడం మరవలేదు.

నాలుగోనాడు మధ్యాహ్నం షెడ్డులో ఉండగా నాలోని యాంకరు గొంతు పెంచింది. మునిగిన బోటులోని ఎనిమిది మందిలో ఏడుగురిని ఒక ఓడ కాపాడిందట. ఇప్పుడే దూరాన మరో రేవులో దింపుతున్నారట. చిన్నమ్మి రొయ్యల బుట్ట వదిలేసి వచ్చింది. మొదటి మనిషి దిగాడు. రెండోవాడు దిగాడు. మూడోవాడు నిచ్చెన మీద కాలు పెట్టగానే బొమ్మ ఆగిపోయి, తెర నడుమ చక్రం తిరగసాగింది. ఆ రోజుకు డేటా అయిపోయింది. పొద్దున్నించీ చూసిన వార్తలే తినేశాయి.

"ఓలమ్మా! ఆగిపోనాదేటే!"

ముత్తాలమ్మ నన్ను తట్టింది, ఊపింది, కొంగుతో తుడిచింది, నూకాలమ్మ తల్లికి మొక్కింది. నేను చక్రం తిప్పడం తప్ప ఏమీ చేయలేకపోయాను. షెడ్డు గుమస్తా గుజరాతీ, తెలుగు ముక్క రాదు. ఆమె ముఖం చూసి, అడగకుండానే తన ఫోనులోంచి నాకు నెట్ కలిపాడు.

బొమ్మ వచ్చేసరికి ఏడుగురూ దిగి వరసగా కూర్చున్నారు. ఆరు ముఖాలు కనబడుతున్నాయి. వాటిలో కామేసూ లేడు, దానయ్యా లేడు. ఏడోవాడు అటు తిరిగి టీ తాగుతున్నాడు. నీలం చొక్కా, వీపున చిరుగుకు తెల్లదారంతో వేసిన కుట్టు.

"మావోడే! ఆ కుట్టు నానే ఏసినాను! సూడు అత్తా, మావోడే!"

ఆడవాళ్ళంతా మూగారు. ఎవరో ముత్తాలమ్మను వాటేసుకున్నారు. చిన్నమ్మి నెమ్మదిగా నేలమీద కూలబడింది.

"నీ పసుపుకుంకాలు గట్టివే పిల్లా" అంది, అంతే.

కెమెరా ముందుకు జరిగింది. నీలం చొక్కావాడు తల తిప్పాడు. దానయ్య.

చిన్నమ్మి రెండు చేతులతో నోరు నొక్కుకుంది. ముత్తాలమ్మ వేలితో తెర మీది కుట్టును తడుముతూ ఉండిపోయింది. తర్వాత నన్ను చిన్నమ్మి వైపు తిప్పింది.

"నీ కొడుకే అత్తా. నాకేసి సూడకు. ఏడుస్తావో నవ్వుతావో, కానీ."

బోటు మీద తాను చలిజ్వరంతో వణుకుతుంటే కామేసే తన చొక్కా విప్పి తొడిగాడని దానయ్య తర్వాత చెప్పాడు. బోటు బోల్తా పడ్డాక అతణ్ణి మళ్ళీ చూడలేదట. పది రోజులు వెతికి ఆపేశారు. ఛానల్ మటుకు ఏడుగురూ దిగిన మర్నాడే ఎవరో హీరో పెళ్ళిబట్టల ముచ్చట్లలో పడింది. ఎనిమిదోవాడి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఊరికి వచ్చే రైల్లో ముత్తాలమ్మ నన్ను చిన్నమ్మి ఒళ్ళో పడేసింది. ఇప్పుడు నేను ఆ ముసలామె ఇంట్లో ఉంటున్నాను. అద్దం బీటలు వారింది, గొంతు బొంగురుపోయింది. ఆమె సీరియల్ చూస్తూ, ముత్తాలమ్మ అడుగుల చప్పుడు వినబడితే చాలు, తప్పు చేసినదానిలా నన్ను బోర్లా పెట్టేస్తుంది.

ముత్తాలమ్మ రోజూ సాయంత్రం వస్తుంది. తానే నన్ను తిరగేసి, వార్తలు పెట్టి, గుమ్మంలో నిలబడుతుంది. హీరోలు వస్తారు, మంత్రులు వస్తారు, ఆమె పట్టించుకోదు. చివర్న వాతావరణం చెప్పే అమ్మాయి వచ్చి, గుజరాత్ తీరంలో సముద్రం ప్రశాంతంగా ఉందంటుంది. అది విని ముత్తాలమ్మ నన్ను జాగ్రత్తగా ముసలామె చేతికిస్తుంది.

"గాలి నేదట అత్తా. వచ్చీవోళ్ళకి ఇబ్బంది నేదు" అని చెప్పి మెట్లు దిగుతుంది.