నన్ను పక్కకు నెట్టిన పిల్ల

నేను ఒక లారీ ట్యూబును. నల్లగా, లావుగా, ఒంటినిండా పంక్చరు అతుకులతో ఉంటాను. అందంగా ఉంటానని చెప్పను గానీ, బరువు మోయడంలో నాకు సాటి లేదని మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను.

రబ్బరు ఫ్యాక్టరీలో పుట్టి, వయసంతా కరీంనగర్ గ్రానైటు మోసే లారీ చక్రంలో గడిపాను. ఎన్ని ఊళ్లు తిరిగానో! చూసింది మాత్రం టైరు లోపలి చీకటే. బండి సాఫీగా నడిస్తే డ్రైవరును మెచ్చుకునేవారు, ఆగిపోతే నన్ను తిట్టేవారు. మనుషుల న్యాయం అలా ఉంటుంది. చివరికి పంక్చరు షాపువాడు ఇక లాభం లేదని మూలకు విసిరేస్తే, రాజవ్వ అనే ఆమె వాణ్ని అడిగి నన్ను తన ఊరి దిగుడుబావికి తెచ్చింది.

ఎండాకాలంలో రాజవ్వ ఊరి పిల్లలకు ఈత నేర్పుతుంది. మొదట నన్ను నడుముకు తొడుగుతుంది. రోజురోజుకూ నాలో గాలి కాస్త కాస్త తగ్గిస్తుంది. ఆఖరున నన్ను తీసేస్తుంది. నేను లేకుండా ఈది అవతలి గోడలోని రాయిని ముట్టినవాళ్లు, మెట్ల మీదున్న అందరికీ పుట్నాలు, బెల్లం పంచాలి. అది ఆ బావి ఆనవాయితీ.

ఈ ఏడు పిల్లలతోపాటు రాజవ్వ మేనకోడలు నవనీత కూడా వచ్చింది. ఇంజనీరింగ్ చదివింది. హైదరాబాదులో ఏదో కంపెనీవాళ్లు ఇంటర్వ్యూ చేసి, వారంలో చెబుతామన్నారట. అప్పుడు మామిడి పిందెలు. ఇప్పుడు పళ్లు కూడా అయిపోవచ్చాయి, కబురు లేదు. మనుషుల వారం ఎంత పొడుగో నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో కూర్చుంటే వచ్చేపోయేవాళ్లంతా "ఇంకా నౌకరి రాలేదా బిడ్డా?" అని అడుగుతున్నారని, పొద్దు పోవడానికి బావిలోకి దిగింది. నీళ్లలో ఉన్నవాళ్లను ఎవరూ ఏమీ అడగరు కదా.

ఆ పిల్లకు నీళ్లంటే భయం లేదు. తిప్పలంతా మెట్ల మీద కూర్చున్న రాజవ్వ ఒళ్లో పెట్టిన తన ఫోనుతోనే. నాలుగు బారలు వేసేది, తల తిప్పి "అత్తా, ఫోనచ్చిందా?" అనేది, బుడుంగున మునిగేది, లేచి పక్కనే తేలుతున్న నన్ను కరుచుకునేది. బడిపిల్లలు రాయి ముట్టి దర్జాగా పుట్నాలు పంచుతుంటే చిన్నబోయి చూసేది.

"నాతోని ఏదీ కాదత్తా," అంది ఒకరోజు నా మీద గడ్డం ఆనించి. గ్రానైటు బండలు మోసినప్పుడు కూడా నాకు అంత బరువనిపించలేదు.

"నీళ్లల్ల ఉన్నప్పుడు నీళ్లల్లనే ఉండు బిడ్డా. ఒడ్డు మీది ముచ్చట ఒడ్డెక్కినంక సూసుకుందాం," అంది రాజవ్వ.

మర్నాడు నవనీత నన్ను మెట్ల మీదే వదిలి దిగింది. తల తిప్పలేదు, ఏమీ అడగలేదు. సగం బావి దాటింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

అంతే, రాజవ్వ తను చెప్పిన పాఠమంతా తనే మరిచిపోయింది. "నవనీతా! ఎవరిదో కొత్త నంబరే! ఎనుకకు మర్లి రా! ఇగో, ట్యూబు పట్టుకో!" అని అరుస్తూ నన్నెత్తి నీళ్లలోకి విసిరింది. ఆ పిల్ల చేతికి అందేంత దగ్గర్లో పడ్డాను.

నవనీత నా వైపు చూసింది. పట్టుకుంటుందేమోనని జీవితంలో మొదటిసారి భయపడ్డాను. ఆమె అరచేత్తో నన్ను పక్కకు నెట్టి ముందుకు బార వేసింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆమె రాయి ముట్టింది.

తిరిగి ఈదుకుంటూ వచ్చి, తడి చేతులతోనే ఆ నంబరుకు ఫోను చేసింది. "సారీ సార్, మీరు చేసినప్పుడు బావి మధ్యలో ఉన్నాను. ఒడ్డు చేరాక చేస్తున్నాను," అంది ఆయాసపడుతూనే. కాసేపు విన్నది. తర్వాత మెట్టు మీద చతికిలబడింది.

"నౌకరి వచ్చిందత్తా! వచ్చే నెల చేరుమన్నరు."

రాజవ్వ కళ్లు తుడుచుకుంటూ, "అది సరే గనీ, ముందుగాల పుట్నాలేవి?" అంది.

ఇప్పుడు నవనీత హైదరాబాదులో ఉంది. నేను రాజవ్వ గోడకున్న మేకుకు వేలాడుతూ వచ్చే ఎండాకాలం కోసం చూస్తున్నాను. మొన్న ఇంకో అతుకు పడింది, పడనీయండి. నన్ను గట్టిగా పట్టుకున్న చేతులు ఎన్నో ఉన్నాయి, అవన్నీ నాకు గుర్తులేవు. నన్ను నెట్టేసిన ఆ తడి అరచేయి మాత్రం ఇప్పటికీ ఒంటి మీద ఉన్నట్టే ఉంది.