నిలబెట్టిన ఊయల

శ్యామల నన్ను తుడుస్తోంది. పుస్తకాలు దొంతరలుగా తీసి మంచం మీద పెట్టి, తడిగుడ్డ పిండి, మూలల్లోకి వేలు పోనిచ్చి మరీ దుమ్ము తీస్తోంది. నేను ఒక పుస్తకాల అరని. అలా మారి పదహారు రోజులే అయింది. అంతకుముందు నలభై రెండేళ్ళు ఊయల తొట్టిని.

పెద్దాపురం దగ్గర ఒక పల్లెలో పనసచెక్కతో నన్ను చేశారు. అప్పాయమ్మకి తొలిచూలు బిడ్డ పుడితే ఆమె పుట్టింటివాళ్ళు చేయించి పంపారు. నాలుగు ఇత్తడి గొలుసులు, తలవైపు రెండు చిలకలు. ఆ వడ్రంగికి చిలకలు చెక్కడం అంతగా రాదు. రెండూ కాకుల్లాగే ఉంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం ఆ చిలకల్నే మెచ్చుకున్నారు. పురిటింట్లో మనుషులు దేన్నయినా మెచ్చుకుంటారు.

ఆ బిడ్డే భద్రరావు. తరవాత అతని చెల్లెలు నాగవేణి. ఆ తరవాత చుట్టాల ఇళ్ళన్నీ తిరిగాను. మావాళ్ళు తొట్టిని అమ్మరు. ఒక ఇంట్లో బిడ్డ నడక నేర్చిందంటే ఇంకో ఇంటికి పంపేస్తారు. ఆముదం వాసన, పాల వాసన, సాంబ్రాణి పొగ, ఇదే నాకు తెలిసిన లోకం. జోల పాడేవాళ్ళు సగంలో మాటలు మరిచిపోయి ఏవేవో కల్పించేవాళ్ళు. బిడ్డలెవరూ తప్పు పట్టలేదు.

చివరికి భద్రరావు పెళ్ళాడిన శ్యామల తన కూతుళ్ళు లాస్యని, జాహ్నవిని నాలోనే పెంచింది. జాహ్నవి దిగాక అప్పాయమ్మ నన్ను కడిగించి అటక ఎక్కించింది. "ఇంక ఇది వేణిదే," అంది.

వేణికి పెళ్ళయి పదమూడేళ్ళు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలేదు. అప్పాయమ్మ కూడా పోయింది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా వేణి కళ్ళు ఒక్కసారి అటక మీదికి పోయేవి. శ్యామల అది చూసేది. చూసి, ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఈ ఏడు పిల్లలకి ఒక గది కావలసి వచ్చింది. బియ్యం బస్తాలు పెట్టుకునే చిన్నగది ఖాళీ చేశారు. రంగుల కొట్టులో పనిచేసే భద్రరావు డబ్బాల అడుగున మిగిలినవి తెచ్చాడు. ఒక గోడకి పసుపు, ఒక గోడకి ఆకుపచ్చ, మూడో గోడకి రెండూ కలిపినది. నాలుగో గోడకి ఏదీ చాలక పాత క్యాలెండర్ల బొమ్మలు అతికించారు. శ్యామల తన నేతచీర కోసి కిటికీకి తెర కుట్టింది. ఇక పుస్తకాల అర ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆమె నన్ను దించమంది.

వేణితో ఒక మాట చెబుదామా అని భద్రరావు అడిగాడు.

"ఏవని చెప్తారు? నీకింక పుట్టరని మనవే అన్నట్టుంటది. కళ్ళెదురుగా లేకపోతే ఆ పిల్లకీ బాధుండదు," అంది శ్యామల.

అతను నన్ను నిలువుగా గోడకి ఆనించి, లోపల రెండు పలకలు పెట్టి మేకులు కొట్టాడు. గొలుసులు బట్టల కర్ర వేలాడదీయడానికి పనికొచ్చాయి. నాకూ రంగు వేస్తుంటే జాహ్నవి అడ్డుపడి ఒక చిలకని కాపాడుకుంది. దాచడమెందుకు, నాకు బాగానే ఉంది. ఏళ్ళ తరబడి అటక మీద దుమ్ము మోశాక, మళ్ళీ పిల్లల మాటలు వినపడుతున్నాయి.

ఇవాళ ఇంకా తుడవడం పూర్తికాకుండానే గేటు చప్పుడైంది. వేణి వచ్చింది, చేతిలో సపోటాల సంచితో. జాహ్నవి ఆమెని చెయ్యి పట్టి గదిలోకి లాక్కొచ్చి, "అత్తా, ఇదేంటో చెప్పుకో చూద్దాం," అంది.

వేణి దగ్గరికి జరిగింది. చిలక మీద వేలు పెట్టింది. లోపలి మేకుల్ని చూసింది. ఆ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చి కడుపు మీద ఆగింది.

శ్యామల లేచి నిలబడింది. "ఎన్నో నెలమ్మా?"

"నిన్నటికి ఐదు నిండాయి ఒదినా. అందాకా ఎవరికీ చెప్పొద్దన్నారు మా అత్తగారు. తొట్టి నాకుంచమని అడుగుదావని..." ఆగి, నవ్వబోయింది. "పోన్లే. పిల్లలకి పనికొచ్చింది కదా."

అడగకూడదని ఒకరు, చెప్పకూడదని ఒకరు. మనసు నొప్పించకూడదని ఒదినా, పెద్దావిడ మాట దాటకూడదని మరదలూ ఊరుకున్నారు. మనుషుల మంచితనం ఒక్కోసారి మేకుల్లా దిగుతుంది.

శ్యామల బట్టల కర్ర దించి, గొలుసులు విప్పి కొంగున మూటకట్టుకుంది. మరి మా పుస్తకాలు ఎక్కడ పెట్టుకోవాలని జాహ్నవి అడిగింది. పెద్దది లాస్య చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకుపోయింది. ఖాళీ తొట్టి గడప దాటకూడదంటారు. శ్యామల సంచిలోంచి రెండు సపోటాలు తీసి నా పలకల మధ్య పెట్టింది. పదహారు రోజుల తరవాత నన్ను పడుకోబెట్టి, పిల్లని ఎత్తుకున్నట్టు చంకన ఎత్తుకుంది.

"ఒదినా, బరువు. అన్నయ్య రానీ," అంటూ వేణి వెనకే వచ్చింది.

శ్యామల చెప్పులైనా వేసుకోలేదు. గేటు తీసుకుని, వడ్రంగి సూర్యచంద్రం కొట్టు వైపు నడిచింది.