నువ్వు యాడ సదివినావక్కా?

కరెంటు పోయి గంట దాటింది. ఆదోని బస్టాండు ఎదురుగా మేడ మీదున్న ప్రైవేటు కాలేజీల అడ్మిషన్ల ఆఫీసులో ఊపిరాడటం లేదు. పొద్దున్నుంచి ఐదు కుటుంబాలు వచ్చి, ఫీజు విని, మెట్లు దిగి పోయాయి. ఇంకో సీటు పడకపోతే ఈ నెల సగం జీతమేనని యజమాని శివకుమార్ అప్పటికి రెండుసార్లు అన్నాడు. అక్కడ సీట్లు చేర్పించే సునీత జీతం తొమ్మిది వేలు. ఎమ్మిగనూరులో ఆమె తండ్రి కళ్లు మసకబారి మగ్గం దిగి ఏడాదయింది. ఇల్లు నడిచేది ఆమె సంపాదనతోనే.

ఆరో కుటుంబంగా లక్ష్మప్ప వచ్చాడు. పెద్దకడుబూరు పక్క పల్లెలో మూడెకరాల పత్తి రైతు. వెంట కూతురు పుష్ప. డిగ్రీ పాసై ఐసెట్ రాసింది. ఆయన చెప్పులు గుమ్మం బయటే విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎంబీఏ బిజినెస్ అనలిటిక్స్ అండీ. హైదరాబాదు దగ్గర కాలేజీ. రెండేళ్లకు నాలుగు లక్షల అరవై వేలు," సునీత ఆఫీసులో నేర్పిన పట్నపు మాటల్లో చెప్పింది.

లక్ష్మప్ప తువ్వాల మూట ఒళ్లోకి లాక్కున్నాడు. "కోపం సేసుకోవద్దమ్మా, ఒగ మాట అడుగుతా. మా పక్కూరి పిల్లోడు యూనివర్సిటీలో ఇదే ఎంబీఏ సదువుతాండాడు. ఏడాదికి ఇరవై వేలు గూడా లేదంట. ఈడ సూస్తే లచ్చలు. పేరు ఒగటే గదా, ఇంత తేడా యాల?"

"ఇక్కడ ల్యాప్‌టాప్ ఇస్తారండీ. కంపెనీల వాళ్లే వచ్చి ట్రైనింగ్ ఇస్తారు. విదేశీ టూరు కూడా ఉంటుంది."

పుష్ప అంతవరకూ తల వంచుకునే ఉంది. ఇప్పుడు ఎత్తి అడిగింది. "నువ్వు యాడ సదివినావక్కా?"

ఎవరైనా అలా అడిగితే ఆ కాలేజీ పేరే చెప్పమని శివకుమార్ మొదటి రోజే నేర్పాడు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. అద్దం గదిలోంచి ఆయన చూస్తున్నాడు.

"అక్కడే," అంది సునీత.

లక్ష్మప్ప ముఖం విప్పారింది. "ఇంటివా పుష్పా! ఈయమ్మ ఆడనే సదివిందంట. ఎంత సక్కగా మాట్లాడుతాండాదో సూడు!" ఇక ఆయన అనుమానమేమీ పెట్టుకోలేదు. తువ్వాల మూట విప్పి ఇరవై వేలు బల్ల మీద పెట్టాడు. "రెండెకరాలు మూడేండ్లకు గుత్తకిచ్చేసినా. మిగతాది దసరా నాటికి కడతా తల్లీ." పక్కనే పుష్ప సర్టిఫికెట్ల ఫైలు పెట్టింది.

ఆ ఫైలు కాలేజీకి చేరిందంటే ఫీజు మొత్తం కట్టేదాకా తిరిగి రాదు. పోయినేడు ఇదే బల్ల దగ్గర చేర్చిన మద్దికెర కళ్యాణ్ ఫీజు కట్టలేక మొదటి ఏడే చదువు మానేశాడు. సర్టిఫికెట్లు ఇప్పించక్కా అని పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఆఖరికి సునీత అతని నంబరు బ్లాక్ చేసింది.

ఫైలు పైన ర్యాంకు కార్డు ఉంది. అప్పట్లో సునీతకు వచ్చిన ర్యాంకు కన్నా అది మంచి ర్యాంకు.

"అప్పా, నేను ఆడ సదవలేదు," అంది. ఇంటి భాష తనంతట తానే వచ్చేసింది. "యూనివర్సిటీలోనే సదివినా. ఈ పాప కన్నా ఎనకబడిన ర్యాంకుతో."

లక్ష్మప్పకు అర్థం కాలేదు.

"ఆడ అయివార్ల జీతాలు గవర్నమెంటు ఇస్తాది. ఈడ జీతాలు, బిల్డింగు, పేపర్లో వేసే యాడ్లు అన్నీ మీ ఫీజులోంచే రావాల. ఒగో సీటుకు మా ఆఫీసుకు యాభై వేలు, దాంట్లో నాకు మూడు వేలు. కోర్సుకు కొత్త పేరు తగిలిస్తే ఇంకో లచ్చ. సదివే పుస్తకాలు శానామటుకు అవే. యూనివర్సిటీ సీట్ల కౌన్సిలింగుకు పేరు రాయించుకునేది రేపే ఆఖరు. కింద నెట్ సెంటర్లో సేస్తారు, పోండి."

"మా అట్లాటోల్లు అంత గొప్ప కాలేజీకి పనికిరారని సెప్తాండావా?" ఆయన నొచ్చుకున్నాడు.

సునీత తన మార్కుల మెమో ఫోన్లో తీసి పుష్ప చేతికిచ్చింది. పుష్ప చదివింది. "నిజమే నాయనా."

"మరి ఇందాక ఆడనే సదివినా అంటివే?"

"జీతం కోసరం అప్పా."

ఆయన తిట్టి ఉంటే కాస్త తేలికపడేది. ఆయన తిట్టలేదు. ఫైలు కూతురి చేతికిచ్చి, డబ్బు మూట కట్టుకుంటూ, సునీత వైపు చూడకుండా అన్నాడు. "నా బిడ్డ గూడా నీ మాదిరి మాట్లాడాలనే గదమ్మా పొలం ఇడిసిపెడితి."

సునీత తల ఎత్తలేకపోయింది. తండ్రీకూతుళ్లు ఎప్పుడు లేచారో, ఎప్పుడు మెట్లు దిగారో చూడలేదు.

శివకుమార్ అద్దం గది తలుపు తెరిచాడు. "ఏమైంది? ఎందుకు లేచి పోయినారు? సరే, కింద ఇంకెవరో వచ్చినారు. రమ్మను. ఈసారన్నా సరిగ్గా చెప్పు."

సునీత లేచి నిలబడింది.

"రమ్మంటా సార్. వాళ్లకూ ఇదే సెప్తా."

మెట్ల మీద ఎవరో, పైకి రావచ్చునా అని అడుగుతున్నారు.